రద్దయిన మ్యాచ్‌లో ముప్పై ఒక్కటి

కోయంబత్తూరు,
4 ఫిబ్రవరి 2025

మామూకి సలాములు.

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఇంటికి చేస్తే మాట మధ్యలో అమ్మీ లాక్కుంటుంది. అన్నం తిన్నావా, తలకి నూనె పెట్టుకున్నావా అన్న దగ్గరే అంతా అయిపోతుంది. మీకు ఎలాగూ ఉత్తరాలంటేనే ఇష్టం. అందుకే ఉత్తరంలాగా మెయిల్ రాస్తున్నాను.

ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నా పేజీని ఎవరో పాడుచేశారు. మొన్న ముగిసిన బాస్కెట్‌బాల్ లీగ్‌లో నేను పన్నెండు మ్యాచ్‌లు ఆడి నూట ఎనభై పాయింట్లు చేశాను. సగటు పదిహేను. నిన్నటిదాకా పేజీలో అలాగే ఉంది. ఈ ఉదయం కుసుమ, అదే నా గదిలో ఉండే శ్రీకాకుళం అమ్మాయి, ఫోన్ చూపించి "ఇదేటే, నీకు పదకొండు మేచ్‌లే ఉన్నాయి?" అంది. చూస్తే నూట నలభై తొమ్మిది. సగటు పదమూడున్నర. ఆఖరి మ్యాచ్‌లో నేను చేసిన ముప్పై ఒక్క పాయింట్లు మాయం.

ఆ మ్యాచ్‌ని తర్వాత లీగ్ వాళ్ళు రద్దు చేసిన మాట నిజమే. ఎదుటి జట్టు, పేరు నమోదు కాని అమ్మాయిని ఆడించింది. అందుకని వాళ్ళు ఓడినట్టు ప్రకటించి, గెలుపు మాకిచ్చారు. తప్పు వాళ్ళది. కానీ ఆ ముప్పై ఒక్కటీ నేను పరిగెత్తి చేసినవి కదా. చివర్లో చీలమండ బెణికినా బయటికి రాకుండా ఆడాను. నా జీవితంలో నేనాడిన మంచి ఆట అదొక్కటే.

ఇప్పుడే ఇలా జరగాలా? కొచ్చి క్లబ్బు వాళ్ళకి ఒక గార్డ్ కావాలి. ముగ్గురి పేర్లు చూస్తున్నారు, అందులో నాది ఒకటి. మేనేజర్ అందరి పేజీలూ చదువుతున్నాడట. ఆ పేజీల సంగతులన్నీ మీరు చూస్తారని అమ్మీ చెబుతుంది. ఆ పని చేసింది ఎవరో పట్టుకుని, నా అంకెలు నాకు పెట్టించండి.

మీ మేనకోడలు,
తబస్సుమ్

*

విశాఖపట్నం,
5 ఫిబ్రవరి

బేటీ తబస్సుమ్‌కి మామూ దువాలు.

నీ మెయిల్ చదివాను. నువ్వు పట్టుకోమన్న మనిషిని నేనే.

కోపగించుకునే ముందు మిగతాది కూడా చదువు. ఈ పట్టికలు నేను ముట్టుకోకముందు ఎలా ఉండేవో నీకు తెలీదు. ఆడని మ్యాచ్‌కి ఒకరు సున్నా పెడతారు, ఒకరు గీత పెడతారు, ఒకరు ఖాళీగా వదిలేస్తారు. సున్నా అంటే ఆడి ఏమీ చేయలేదని. గీత అంటే అసలు ఆడలేదని. రెండూ ఒకటెలా అవుతాయి? ఒక అమ్మాయి పట్టికలో కాలేజీ ఆటలు కూడా కలిపేశారు. ఇంకొకామెకి సీజన్ మొత్తం పాయింట్ల కంటే సగటు ఎక్కువుండేది! మన హార్బర్ సంగతి నీకు తెలుసు. తెల్లారకుండానే బేరాలు, మధ్యాహ్నానికి బోట్లు వెళ్ళిపోతాయి, మన తాళ్ళ కొట్టు ఖాళీ. ఆ మధ్యాహ్నాలన్నీ తాళ్ళ చుట్టల మధ్య కూర్చుని వీటినే సరిచేస్తున్నాను. సరిచేసి టీ తాగి వచ్చేసరికి ఎవడో మళ్ళీ వేలు పెట్టేసి ఉంటాడు. పేజీ పక్కన చిన్న పెట్టెలో అంకె మారుస్తాడు, కింద పట్టికలో మార్చడు. లేకపోతే పట్టిక మార్చి తేదీ మార్చడు. ఒక్కోసారి ఫోన్ తీసుకెళ్ళి సముద్రంలో పారేద్దామనిపిస్తుంది.

కిందటేడు గౌరీశ్వరి అని ఇంకో జట్టు అమ్మాయికి ఇదే జరిగింది. మ్యాచ్ రద్దయింది. ఆమె చేసిన ఇరవై నాలుగూ నేను పట్టికలోంచి తీసేశాను. కన్నబాబు అని ఒకతను నాతో నెలరోజులు చర్చా పేజీలో పోట్లాడాడు. అమ్మాయి కష్టం ఏమైపోవాలన్నాడు. రద్దయిన మ్యాచ్ ఎవరిదైనా లెక్కలోకి రాదు, అందరికీ ఒకటే పద్ధతి అని నేనే రాశాను. చివరికి అందరూ ఒప్పుకున్నారు, అదే నియమమైంది. ఇప్పుడు అలాంటి రద్దు నోటీసే నీ మ్యాచ్‌కి వచ్చింది. నా మేనకోడలివని నీకొక పద్ధతి, ఆ పిల్లకొక పద్ధతి పెట్టనా?

చీలమండ ఎలా ఉంది? వేడినీళ్ళ కాపడం పెట్టు.

మామూ

*

కోయంబత్తూరు,
8 ఫిబ్రవరి

మామూకి,

చీలమండ బాగానే ఉంది.

నిన్న కొచ్చి క్లబ్బు మేనేజర్ ఫోన్ చేశాడు. "నీ పేజీలో పక్క పెట్టెలో పదిహేను ఉంది, కింద పట్టికలో పదమూడున్నర ఉంది. ఏది నమ్మాలి? ఎవరైనా నీ కోసం మార్చి రాస్తున్నారా?" అని అడిగాడు. కోర్టులో నేనెప్పుడూ మోసం చేయలేదు మామూ. ఆ మాట నన్నడిగాడు. కనుక్కుని చెబుతానని ఫోన్ పెట్టేశాను. సున్నాకీ గీతకీ తేడా మీకు తెలుసు గానీ, ఒక అమ్మాయికి అవకాశం ఎన్నిసార్లు వస్తుందో తెలీదు. నెల తర్వాత తీసేస్తే ఏం పోయేది? ఎవరు అడిగేవారు?

ఒక్క సంగతి చెప్పండి. నేను స్పోర్ట్స్ హాస్టల్‌కి వెళ్ళినప్పట్నించీ నేను చేసిన పాయింట్లు మీకు నోటికొచ్చు. నేనాడిన ఒక్క మ్యాచ్ కూడా మీరు చూడలేదు. వైజాగ్‌లో ఆడినప్పుడు కూడా రాలేదు. చూసుంటే ఆ ముప్పై ఒక్కటీ అంత తేలిగ్గా తుడిచేసేవారు కాదు.

ఇంకో మాట. మీరు నా మామూ అని ఎవరికీ చెప్పకండి. దయచేసి.

తబస్సుమ్

*

విశాఖపట్నం,
12 ఫిబ్రవరి

తబస్సుమ్,

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ చాలా జరిగింది.

నీ మెయిల్ చూశాక పేజీ తెరిచాను. పట్టిక నేను రాసినట్టే ఉంది, పక్క పెట్టెలో మాత్రం ఎవరో పదిహేను పెట్టారు. పేరులేని ఖాతా. ఇది కన్నబాబు పనే, కిందటేటి కసి తీర్చుకుంటున్నాడని నాకు ఒళ్ళు మండింది. చర్చా పేజీలో పేరు పెట్టి మరీ కడిగేశాను. దొంగచాటు పని అని రాశాను. పెట్టె సరిచేశాను. గంటలో మళ్ళీ పదిహేను. ఈసారి పట్టికలో కూడా. మళ్ళీ తీశాను. మళ్ళీ వచ్చింది.

నిన్న మధ్యాహ్నం ఒకతను కొట్టు ముందు బైకు ఆపాడు. ముప్పై ఏళ్ళుంటాయి, కాళ్ళకి పొలం మట్టి.

"రహమాన్ గారంటే మీరేనా అండి?"

"నేనే. ఏం కావాలి? నైలాన్ తాడా?"

"తాడు కాదండి. నాను కన్నబాబుని. పద్మనాభం ఊరి నించి వచ్చేను. మీ ఖాతాలో పేరు, హార్బరని ఉంది. అక్కడ అడిగితే మీ కొట్టు సెప్పేరు."

నేను లేచి నిలబడ్డాను. కొట్టడానికొచ్చాడనుకున్నాను. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నన్ను దొంగని రాసేరు కదండీ? నాను మీ పేజీ ముట్టుకోనేదు. వారం నించి సేలో మినుము పీకతన్నాం. పొద్దున్న గాజువాకలో డ్యూటీ, సాయంత్రం సేను. నాకు ఖాళీ ఏదండీ? ఆ ఖాతాకి పేరే నేదు కదండీ, అది నాను కాదు."

"మరి కిందటేడు నెలరోజులు నాతో ఎందుకు పోట్లాడావు? ఆ గౌరీశ్వరి నీకేమవుతుంది?"

"మా సెల్లెలండి" అన్నాడు. "ఆ ఇరవై నాలుగూ మీరు తీసేసిన రోజు అది అన్నం తిన్నేదు. నాను తనకి అన్ననని సెపితే నా మాట సెల్లదని సెప్పనేదు."

నువ్వు చెప్పొద్దన్నావు. గుర్తుంది. కానీ అతని ఎదురుగా కూర్చుని నోరు మూసుకోలేకపోయాను. "తబస్సుమ్ నా మేనకోడలు" అనేశాను.

"ఓర్నాయనో! మరి మీ పిల్లవి కూడా మీరే తీసేసేరేటండి?" అన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఈ మాట ముందే సెప్పాలి కదండీ. నాను ఏడాది నించి మిమ్మల్ని తిట్టుకుంటన్నాను."

టీ తెప్పించాను. అక్కడే కూర్చుని ఇద్దరం నిర్వాహకులకి రాశాం, ఎవరు ఎవరికి ఏమవుతారో. ఈ ఉదయం జవాబొచ్చింది. బంధువుల పేజీలు బంధువులు ముట్టుకోకూడదట. నేను ఇక నీ పేజీలో ఒక్క అంకె మార్చడానికి వీల్లేదు. అతను గౌరీశ్వరి పేజీ ముట్టుకోకూడదు. సంవత్సరాలుగా చేసిన పనికి ఇదీ బహుమానం. నేను అంకె తగ్గించాను, పెంచలేదు మొర్రో అని రాశాను. ఎవరూ వినలేదు. చివరికి అతనే ఫోన్ చేసి అన్నాడు, "మీ పిల్లని నాను సూత్తాను, మా పిల్లని మీరు సూడండి" అని. సరేనన్నాను.

ఆ పేరులేని ఖాతా ఎక్కడిదో నిర్వాహకులు చెప్పారు. కోయంబత్తూరు. అంటే నీ గదిలోంచే. నువ్వు చెప్పి చేయించావో, ఆ కుసుమే చేసిందో నేను అడగను. అడిగితే నువ్వు చెప్పాల్సి వస్తుంది.

మ్యాచ్ చూడలేదన్నావు. నాకు ఆట తెలీదు బేటీ. నిన్ను హాస్టల్లో దింపి వచ్చిన రోజు నించీ నువ్వక్కడ ఎలా ఉన్నావో తెలుసుకోవడానికి నాకు దొరికింది పేపర్లో వేసే ఆ నాలుగు అంకెలే. తక్కువ చేసిన రోజు ఒంట్లో బాగాలేదేమో అనుకునేవాణ్ణి. ఆ అంకెలు చదవడం అలా నేర్చుకున్నాను. వైజాగ్‌లో ఆడినప్పుడు గేటుదాకా వచ్చాను. లోపల అందరూ సూట్లూ బూట్లూ. నేను తాళ్ళ కొట్టు నించి నేరుగా వచ్చాను, లుంగీలో, గ్రీజు చేతులతో. వెనక్కి తిరిగేశాను.

మామూనని ఎవరికీ చెప్పొద్దన్నావు కదా. నాకు అర్థమైంది. ఇంకెవరికీ చెప్పను.

రహమాన్

*

కొచ్చి,
27 ఫిబ్రవరి

మామూకి సలాములు.

మీ ఉత్తరానికి జవాబు రాద్దామని మూడుసార్లు మొదలెట్టి ఆపేశాను. అంతలో ట్రయల్‌కి పిలిచారు. ఊరు మారాను, గది మారాను.

ముందుగా కుసుమ సంగతి. నేను చెప్పలేదు. నేను ఏడుస్తుంటే చూసి తనే చేసింది. మీరు నన్ను అడగకుండా వదిలేసినందుకు నాకు ఇంకా కోపం వచ్చింది. అడగాల్సింది. అడిగితే కాదని చెప్పేదాన్ని. ఏమీ అడక్కుండా మనసులోనే తీర్పు చెప్పేసుకుని, పైగా పెద్దమనసు చూపించినట్టు రాశారు.

ట్రయల్ అయ్యాక మేనేజర్ లోపలికి పిలిచాడు. ఇక్కడి కోచ్ కూడా ఉంది. ఫోన్ తీసి నా పేజీ చూపించాడు. అప్పటికి ఎవరో అభిమానులట, నేను ఆడని ఒక స్నేహపూర్వక మ్యాచ్ కూడా కలిపి పదహారు చేశారు. కన్నబాబు గారు సరిచేయడం, వాళ్ళు మార్చడం. నేను చూస్తుండగానే ఒకసారి మారింది. "మొత్తం ఎంత? నువ్వే చెప్పు" అన్నాడు.

నిజాయితీ కోసం చెప్పానని అనుకోకండి. విసిగిపోయి చెప్పాను. అన్నిచోట్లా అన్ని అంకెలు చూసి చూసి, నేనే ఒకటి చెప్పేస్తే పీడ వదిలిపోతుందనిపించింది. "నూట నలభై తొమ్మిది, పదకొండు మ్యాచ్‌లు. ఒకటి రద్దయింది, అది కలపకూడదు" అన్నాను. "రద్దయినదాంట్లో ఎంత?" అంది కోచ్. "లెక్కలో లేదు కదా మేడం" అన్నాను. నోట్లోంచి ముప్పై ఒక్కటి అనే మాట రాలేదు. బయటికొచ్చాక నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడు నెలలకి తీసుకున్నారు. మొదటి ఐదుగురిలో కాదు, బెంచీ మీద. ఆ చోటు పదహారు సగటున్న అమ్మాయికిచ్చారు. ఆ ముప్పై ఒక్కటి ఉండుంటే ఏమయ్యేదో నాకు తెలీదు. మీకూ తెలీదు. ఆ సంగతి మాత్రం మర్చిపోకండి.

నా పేరుతో చర్చా పేజీలో రాశాను, రద్దయిన మ్యాచ్ నా పట్టికలో పెట్టవద్దని. కన్నబాబు గారు పట్టిక, పెట్టె, తేదీ మూడూ ఒకేసారి సరిచేశారు. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

మార్చి 22 శనివారం మధ్యాహ్నం విజయవాడలో మాకు మ్యాచ్ ఉంది. రంజాన్ రోజాల సమయమని తెలుసు. వస్తే రండి. టికెట్టు అక్కర్లేదు.

తబస్సుమ్

*

విశాఖపట్నం,
23 మార్చి

బేటీకి దువాలు.

నిన్న విజయవాడ వచ్చాను. నీకు చెప్పకుండా వచ్చాను, చూసి వెళ్ళిపోదామని. చూడటం కూడా సరిగా కుదరలేదు.

కొత్త షర్టు, ప్యాంటు వేసుకున్నాను. పై వరసలో కూర్చున్నాను. నువ్వు చాలాసేపు బెంచీ మీదే ఉన్నావు. నీ పక్కమ్మాయికి నీళ్ళు అందిస్తూ, లోపల ఆడేవాళ్ళకి చేతులతో ఏదో చూపిస్తూ అరుస్తున్నావు. ఇంట్లో నీ గొంతు అంత పెద్దదని ఎప్పుడూ వినలేదు. తర్వాత లోపలికి పంపారు. నేను సీటు చివరికి జరిగాను, అంకెలు చదివేటప్పుడు ఎప్పుడూ అలా కదల్లేదు. ఒకమ్మాయి నిన్ను తోస్తే పడ్డావు. అందరూ మామూలుగా కూర్చున్నారు. అలా తోస్తారని నాకు పట్టికలో ఎక్కడా లేదు. లేచి నిలబడి అరిచేశాను. వెనకాయన కూర్చోమన్నాడు.

ఆ తర్వాత ఇద్దరు పొడుగు పిల్లల మధ్యలోంచి దూరి, ఎడమచేత్తో బంతి వేశావు. పడింది. నేను నా కళ్ళతో చూశాను. నువ్వే వేశావు, నాలుగో నంబరు. గోడ మీద బోర్డులో చూస్తే ఆ రెండు పాయింట్లు పద్నాలుగో నంబరు పక్కన వేశారు.

దిగి లెక్కలు రాసే బల్ల దగ్గరికి వెళ్ళాను. మర్యాదగానే చెప్పాను. "అమ్మా, ఆ బాస్కెట్ నాలుగుది. పద్నాలుగుది కాదు."

"మీరెవరండీ? ఇక్కడికి రాకూడదు" అంది ఆ అమ్మాయి.

నువ్వు చెప్పొద్దన్నావు కదా. "ఎవర్నీ కాను, చూశాను అంతే" అన్నాను.

"చూసినవాళ్ళందరూ వచ్చి చెబితే మేం రాయలేం అంకుల్. వెళ్ళి కూర్చోండి."

"కూర్చుంటాను, ముందు సరిచెయ్యి. తర్వాత ఎవ్వరూ సరిచేయరు. ఈ కాగితమే అందరూ నమ్ముతారు."

గొంతు పెరిగిందనుకుంటాను. సెక్యూరిటీ అతను వచ్చి భుజం పట్టుకున్నాడు. గుమ్మందాకా "నాలుగు! పద్నాలుగు కాదు!" అంటూనే ఉన్నాను. బయట ఎండలో నిలబెట్టి తలుపేశారు. ఆటలో సగం కూడా చూడలేదు. మీ బస్సు కోసం ఆగాను, అది వెనక గేటు నించి వెళ్ళిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు. నీ ఫోన్ మోగలేదు. స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద ఖర్జూరం నోట్లో వేసుకుని రోజా విప్పి, రైలెక్కాను.

ఇవాళ స్కోరు కాగితం బయటికొచ్చింది. నీకు తొమ్మిది వేశారు. నువ్వు చేసింది ఆ రెండూ కలిపి పదకొండు. కన్నబాబు ఫోన్ చేసి, "ఏటి రాయమంటారండి?" అని అడిగాడు. అడగకపోయినా బాగుండేది. నీ పేజీ ముట్టుకోవడానికి నాకు హక్కు లేదు, లీగ్ కాగితంలో ఉన్నదే లెక్కన్న నా పద్ధతి ప్రకారం నా కళ్ళకి కూడా హక్కు లేదు. "తొమ్మిదే రాయి" అన్నాను. ఫోన్ పెట్టేసి, కొట్టు సగం షట్టరు దించుకుని కూర్చున్నాను. మీ అమ్మీ వచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

ముప్పై ఒక్కటి తీసేసినప్పుడు నాకేమీ అనిపించలేదు. రెండింటికి ఇలా అయిపోయాను. నువ్వు ఎందుకంత కోప్పడ్డావో ఇప్పుడు తెలిసింది. తెలిసినా మళ్ళీ అదే చేస్తాను, అదే నా బాధ.

అక్కడ గొడవ చేసిన ముసలాయన ఎవరని ఎవరైనా అడిగితే, తెలీదని చెప్పు.

మామూ

*

కొచ్చి,
24 మార్చి

మామూకి,

మ్యాచ్ ఉన్న రోజు ఫోన్లు మేనేజర్ దగ్గరుంటాయి. ఎవరు ఫోన్ చేశారో రైల్లో చూశాను.

ఆ బాస్కెట్ నాదే. పద్నాలుగో నంబరు అమ్మాయి కూడా వెళ్ళి తనది కాదని చెప్పింది. రెఫరీ సంతకం అయిపోయిందన్నారు. తొమ్మిదే ఉంటుంది. ఉండనివ్వండి.

మీరు నా మామూ అని చెప్పొద్దన్నది, మేనేజర్ నా అంకెలు ఇంట్లోవాళ్ళే పెంచుతున్నారని అనుకుంటాడని భయపడి. మీరు ఏమనుకున్నారో మీ ఉత్తరం చదివేదాకా నాకు తట్టలేదు. లుంగీలో వచ్చినా నేను గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చేదాన్ని. ఈ మాట మీరు నన్నెప్పుడూ అడగలేదు.

కోర్టులోంచి చూశాను, ఎవరో తెల్లగడ్డం ఆయన్ని బయటికి తీసుకెళ్తున్నారని. గొంతు విన్నాను. ఆగడానికి లేదు, బంతి నా చేతిలో ఉంది.

స్టేషన్‌కి వెళ్ళే బస్సులో అందరూ ఆ సంగతే చెప్పుకుని నవ్వుతున్నారు. ఒకమ్మాయి చేతులూపుతూ "నాలుగు! పద్నాలుగు కాదు!" అని అచ్చం మీలా అరిచింది. కోచ్ కూడా నవ్వి, "ఇంతకీ ఎవరాయన?" అంది.

నేను సీటులోంచి లేచి, బస్సంతా వినబడేలా చెప్పాను. మా మామూ అని.

తబస్సుమ్